ఎంగిలి గాలి

ఆ కాలానికి బెజవాడలో కిటికీలు తెరుచుకోవడం మానేశాయి. కొత్తగా కట్టిన ఫ్లాట్లలో అసలు తెరిచే కిటికీలే ఉండేవి కావు. గోడంత అద్దం, చుట్టూ రబ్బరు అంచు, అంతే. ఎండలు శివరాత్రికే మొదలై దసరా దాటినా కదిలేవి కావు. జనం తలుపులు బిగించుకుని, ఏసీలు వేసుకుని, లోపల చల్లగా బతుకుతూ, పొద్దున లేవగానే తలనొప్పి మాత్రలు మింగేవాళ్ళు. ఆ తలనొప్పి ఎందుకొస్తోందని అడిగే తీరిక ఎవరికీ ఉండేది కాదు.

అడిగిన కొద్దిమందిలో సుభాషిణి ఒకతె. గన్నవరం దగ్గర ఓ పరిశోధనశాలలో ఇంజనీరు. వాళ్ళ ఇంటిపేరున్న వాళ్ళలో పట్టా పుచ్చుకున్న మొదటి మనిషి. తండ్రి లేడు. తల్లి నాంచారమ్మ సత్యనారాయణపురంలో ఇడ్లీ బండి నడిపి ఆమెనీ, తమ్ముడు రాఘవుల్నీ పెంచింది. అందుకేనేమో సుభాషిణికి కూర్చుంటే కుదురుండదు. తను ఒక్కపూట తేలిగ్గా గడిపితే అమ్మ మింగిన పొగంతా దండగైపోయినట్టే అనుకుంటుంది.

ఆమె పనిచేసే యంత్రం పేరు వాయుదర్శిని. కొబ్బరికాయంత ఉండేది, గది కప్పుకి వేలాడేది. వేలిముద్రలాగే ఊపిరి కూడా ఎవరిది వాళ్ళదేనని, అందులో తేమ, వాసన, వెచ్చదనం కలిసే తీరు మనిషి మనిషికీ వేరని పరిశోధనశాల పెద్ద పరాంకుశం గారు కనిపెట్టారు. యంత్రం ఆ తేడా పట్టి, ఒక్కొక్కరి ఊపిరికీ ఒక్కో రంగిచ్చి, గదిలో అది ఎటు పోతోందో గోడమీది తెరలో చూపించేది. అగరొత్తి పొగ తిరిగినట్టు రంగులు తిరిగేవి. గాలి ఎక్కడ నిలిచిపోయిందో జనం కళ్ళారా చూస్తే, అద్దానికి కన్నం పెట్టించుకుని బయటి గాలికి దారిస్తారని ఆయన ఆశ. ఆ గాలి వేడిని గుమ్మంలోనే పీల్చేసే డబ్బా కూడా తయారైంది. కావలసిందల్లా జనానికి అర్థం కావడం.

అదే కావడం లేదు. పటమటలో ఓ అపార్ట్‌మెంటు సెల్లార్లో జరిగిన సమావేశంలో ముందు వరస పెద్దాయన లేచాడు.

"మా ఏసీకి బయట ఇంత డబ్బా ఉందమ్మా. బయటి గాలి లాగి, చల్లబరిచి లోపలికి తోస్తుంది. ఇంక పాత గాలి ఎక్కణ్ణించి వస్తుంది?"

"లేదండీ. ఆ డబ్బా మీ గదిలో వేడిని బయట పారబోస్తుంది, అంతే. పిడికెడు గాలి కూడా లోపలికి తేదు. ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది."

"తిప్పితే తిప్పనీ, చల్లగా ఉందా లేదా? మరి ఈ కాయితంలో ఇదేంటి... పునఃశ్వాసిత వాయు శాతం. ఇది తెలుగేనా?"

సెల్లారంతా నవ్వింది. సుభాషిణికి చెమటలు పట్టాయి. చెప్పి తీరాలి, చెప్పలేకపోతే చదువెందుకు అనుకుంది. అప్పుడు నోటికి తట్టింది.

"అంటే... ఎంగిలి గాలండి. ఒకళ్ళు పీల్చి వదిలింది ఇంకొకళ్ళు పీల్చడం."

నవ్వు ఠక్కున ఆగిపోయింది. మూడో వరసలో ఒకావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని పక్కావిడ వంక చూసింది. ఆ పక్కావిడ తన పక్కనున్న మనిషి వంక చూసింది. అర్థమైంది! అందరికీ అర్థమైంది! సుభాషిణి గుండె తేలికపడింది. వాళ్ళెవరూ కప్పు వైపు, గోడ వైపు చూడలేదనీ, ఒకరినొకరే చూసుకున్నారనీ అప్పుడామె గమనించలేదు.

తిరిగొచ్చేటప్పుడు కారులో పరాంకుశం గారు తొడ చరుచుకున్నారు.

"ఏం మాట పట్టావమ్మాయ్! నేనిన్ని వ్యాసాలు రాస్తే ఒక్కడికీ ఎక్కలేదు. ఇకనించి తెరమీద కూడా అదే వేద్దాం. ఎంగిలి శాతం. పామరుడిక్కూడా తెలుస్తుంది."

ఆ మాటతో యంత్రాలు ఇళ్ళల్లోకి వెళ్ళాయి. అద్దాలకి కన్నాలు మాత్రం పడలేదు. పడ్డవి వేరే. ఒకింట్లో పనిమనిషిని వంటింట్లోకి పంపి తలుపు గడియ పెట్టారట. ఇంకో ఇంట్లో తాతగారి మంచం లిఫ్టు పక్కకి వచ్చిందట. ఒక కుర్రాడు ఫోన్ చేసి, "మేడం, మా రూమ్మేటు రంగు నా మంచం మీదికొస్తోంది, మధ్యలో గీత గీసే ఆప్షనుందా?" అని అడిగాడు. సుభాషిణికి అన్నం సహించేది కాదు. పరాంకుశం గారితో అంటే, "ముందు అసహ్యం పుడుతుందమ్మా, తర్వాత ఆలోచన పుడుతుంది. కాస్త ఓపిక పట్టు" అనేవారు. ఆయన చెడ్డవాడు కాదు. మాట పనిచేస్తోంది, అది ఆయనకి చాలు.

తనూ అమ్మా ఉంటున్న తమ్ముడి ఫ్లాట్లోనైనా సవ్యంగా జరిపించి చూపించాలని ఓ యంత్రం ఇంటికి తెచ్చింది. దానికి తగ్గ కారణమూ ఉంది. తమ్ముడి భార్య హేమసుందరి కడుపుతో ఉంది. రోజూ తలనొప్పి, కళ్ళు తిరగడం.

యంత్రం హాల్లో బిగించిన మొదటిరోజు ఇల్లంతా తిరనాళ్ళలా ఉంది. హేమది నీలం, రాఘవులుది ఆకుపచ్చ, సుభాషిణిది గులాబీ, నాంచారమ్మది పసుపు. ఆ పసుపు హాలంతా పరుచుకుంది. ఆవిడకి బండి పొయ్యి నాటి ఆయాసం, గట్టిగా ఊపిరి తీస్తుంది. పైగా నోరు ఆగదు.

"అమ్మా, తెర నిండా నువ్వే! మాటలు కాస్త తగ్గిస్తే మాకూ చోటుంటుంది" అన్నాడు రాఘవులు.

"ఇంటికి పెద్దదాన్ని. నా గాలి కాక పక్కింటోళ్ళ గాలి ఉంటుందేంట్రా?" అని నాంచారమ్మ తెరవైపు ఉఫ్‌మని ఊదింది. పసుపు మొగ్గ ఒకటి విచ్చుకుని హేమ మీదుగా పోయింది. అందరూ నవ్వారు.

మర్నాడు హేమ నవ్వలేదు. భోజనాల దగ్గర నెమ్మదిగా అంది, "వదినా, అత్తయ్యగారి రంగు తిన్నగా నా మీదికే వస్తోంది. ఏసీ అటునించి ఇటు కొడుతోంది కదా."

చూస్తే నిజమే. సుభాషిణి లేచింది. ఇది తనకు తెలిసిన లెక్కే. గాలి పోకడ లెక్క. "అమ్మా, నువ్వు ఏసీ కిందికి రా" అని కుర్చీ జరిపింది. ఏసీ కింద గాలిని పైకి లాక్కుంటుంది. పసుపంతా లాక్కుని గదంతా చల్లింది. ఇంకా ఎక్కువైంది. "ఈ మూలకి రా." మూలలో గాలి కదల్లేదు, పసుపు పోగుపడి ముద్దలా నిలిచింది. హేమ అటుగా వెళ్ళినప్పుడల్లా ఆ ముద్దలోంచే నడవాలి. "పోనీ, గుమ్మం పక్కన..." నాంచారమ్మ కంచం పట్టుకుని కుర్చీ కుర్చీకీ మారింది.

"నన్నెక్కడ పెట్టినా వస్తున్నానేంటే సుబ్బులూ?" అంది చివరికి. గొంతులో నవ్వే ఉంది. కంచంలో అన్నం మాత్రం ఆరిపోయింది.

ఆ పూట చేతులు కడుక్కుంటూ సుభాషిణి తమ్ముడితో అంది, "ఇదంతా కాదురా. అద్దానికి కన్నం పెట్టించేద్దాం. బయటి గాలి వస్తే ఏ రంగూ నిలవదు."

"ఎంత డబ్బా బిగించినా కన్నం పెడితే చల్లదనం పోదూ? డెలివరీ అయ్యేదాకా ఆగక్కా. అప్పటికి ఎండలు కూడా తగ్గుతాయి."

ఆగడం సుభాషిణి స్వభావం కాదు. కానీ ఇల్లు తమ్ముడిది, కడుపు మరదలిది. ఆగింది.

నాంచారమ్మ మాట్లాడేటప్పుడు ముఖం పక్కకి తిప్పుకోవడం మొదలుపెట్టింది. తర్వాత కొంగు అడ్డం పెట్టుకోవడం. ఒకనాడు సుభాషిణి టిఫిన్ తింటుంటే వెనకాల నిలబడి అడిగింది.

"ఆ మాట నువ్వే పెట్టావంట కదే? హేమ చెప్పింది."

"ఏ మాటమ్మా?"

"ఎంగిలి గాలని."

"ఊరికే, అర్థమవ్వాలని అన్నానమ్మా. నిజంగా ఎంగిలేం కాదు."

"చదువుకున్నదానివి, ఊరికే ఎందుకంటావు?" నాంచారమ్మ కొంగు ముక్కు మీదికి లాక్కుంది. "బండి మీద అన్నాళ్ళు పచ్చడి రుబ్బానే. ఉప్పు చాలిందో లేదో నాలిక్కి రాసుకుని ఎరగను. వాసన చూసి వేసేదాన్ని. నా చేతి తిండి ఎంగిలి కాదని పూజార్లు కూడా పొట్లం కట్టించుకెళ్ళేవాళ్ళు. అట్టాంటిది, ఇంట్లో కడుపుతో ఉన్న పిల్లకి పూటపూటా ఎంగిలి పెడుతున్నానంటే... ఎట్టాగే?"

"అమ్మా, నీదే కాదు, అందరిదీ అందరికీ పోతుంది. నీలం నీ మీదికి రావట్లేదా?"

"అది పిల్లది. పిల్లలది ఎంగిలా?" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సుభాషిణి నోట్లో ఇడ్లీముక్క అలాగే ఉండిపోయింది. బస్సు టైమైంది. సాయంత్రం కూర్చోబెట్టి వివరంగా చెబుదామనుకుంది. ఆ సాయంత్రం పరిశోధనశాలలో పని పడింది. ఆ తర్వాత సాయంత్రమూ పడింది. పెద్ద కంపెనీ ఒకటి వాయుదర్శినిని కొనడానికి వస్తోంది, చూపించడానికి అన్నీ సిద్ధం చెయ్యాలి. ఇంటికెళ్ళేసరికి అమ్మ గది తలుపు వేసే ఉండేది. పడుకుందనుకునేది. పొద్దున్నే ఆదరాబాదరా వెళ్ళిపోయేది.

కంపెనీ వాళ్ళొచ్చిన మధ్యాహ్నం పరాంకుశం గారు పెద్ద తెర ముందు నిలబడి, నమూనా ఇళ్ళు ఒక్కొక్కటే చూపిస్తున్నారు. చూపిస్తూ చూపిస్తూ, "ఇదిగో, మా అమ్మాయి సొంత ఇల్లు" అన్నారు.

ఇంట్లో గోడ తెరకున్న కెమెరా పంపుతున్న సుభాషిణి హాలు, ఆ క్షణాన ఉన్నదున్నట్టు, పెద్ద తెరమీదికొచ్చింది. సోఫా, బల్ల, వేలాడే యంత్రం. హాలు కడిగిన అద్దంలా ఉంది. సోఫాలో హేమ చుట్టూ పల్చటి నీలం, అంతే. ఎంగిలి శాతం ఇంచుమించు సున్నా.

"చూశారా! కన్నం పెట్టలేదు, ఖర్చు పెట్టలేదు. కేవలం తెలియడం వల్ల అలవాట్లు మారాయి."

చప్పట్లు కొట్టారు. సుభాషిణికి కూడా ఒక్క క్షణం గర్వం కలిగింది. తెరని మళ్ళీ చూసింది. వంటింటి గుమ్మం దాకా వెతికింది.

పసుపు లేదు.

ఈ ఎండలో అమ్మ బయటికి వెళ్ళదు. ఇంట్లోనే ఉండాలి. ఇంట్లో ఉంటే తలుపు సందుల్లోంచైనా కాస్త రావాలి. గోడల్లోంచి రాకపోయినా సందుల్లోంచి ఊపిరి వచ్చి తీరుతుంది. తన ఉద్యోగమే ఆ లెక్క మీద నడుస్తోంది. ఫోన్ తీసి నడవాలోకి కూడా పోకుండా అక్కడే చేసింది.

"హేమా, అమ్మేదీ?"

"గదిలో పడుకున్నారు వదినా. నిన్నట్నించీ బయటికే రావట్లేదు. భోజనం గుమ్మం దగ్గర పెట్టమన్నారు. ఏసీ వేసుకునే ఉన్నారు, చల్లగానే ఉంది."

"ఇవాళ తిన్నదా?"

తెరమీద హేమ తల తిప్పి గది వైపు చూసింది. "పొద్దున పెట్టింది అలాగే ఉంది... నిద్రపోతున్నారేమోనని..."

"తలుపు తియ్యి హేమా."

హేమ లేచింది. నీలం ఆమె వెంట సాగింది. తలుపు తోసింది. కదల్లేదు. భుజం పెట్టి తోసింది. "వదినా, కింద ఏదో అడ్డం పెట్టారు, గుడ్డ..." అంటోంది ఫోన్లో. ఒక చేత్తో పొట్ట పట్టుకుని, రెండో చేత్తో మళ్ళీ తోసింది. తలుపు కింద సందులో కూరిన పాత జరీ చీర మడతలు మడతలుగా బయటికి జారింది. తలుపు తెరుచుకుంది.

పరిశోధనశాలలో మనుషులు కుర్చీల్లోంచి లేచారు.

తలుపులోంచి పసుపు వచ్చింది. పొగలా కాదు, కట్ట తెగిన నీళ్ళలా వచ్చింది. అంత చిక్కటి రంగు ఏ ఇంట్లోనూ వాళ్ళు చూసి ఉండలేదు. ఒక మనిషి తనలోంచి వచ్చిందంతా ఎవరికీ తగలకుండా నాలుగు గోడల మధ్య దాచిపెట్టి, మళ్ళీ తనే పీల్చి, మళ్ళీ దాచిన రంగు అది. హాలంతా నిండింది. హేమ నీలం అందులో మునిగిపోయింది.

హేమ వెనక్కి రాలేదు. లోపలికి పోయింది.

"వదినా! లేవట్లేదు! అత్తయ్యా... అత్తయ్యగారూ... పిలిస్తే పలకట్లేదు వదినా!"

"కంగారుపడకు. గాలి పీలుస్తోందా చూడు."

"తెలీట్లేదు! నాకు తెలీట్లేదు!"

సుభాషిణి తెరకు అడుగు దూరంలోకి వెళ్ళింది. ఆ పసుపంతా పాతది. పాతదాంట్లో కొత్తది కనపడాలి. కొత్త ఊపిరి వెచ్చగా ఉంటుంది, అంచు వెలుగుతుంది. గది గుమ్మం దగ్గర, నేలకి దగ్గరగా చూపు నిలిపింది. ఏమీ లేదు. ఇంకా ఏమీ లేదు. చిన్న మొగ్గ. మళ్ళీ ఏమీ లేదు. మళ్ళీ చిన్న మొగ్గ.

"ఉంది! పీలుస్తోంది హేమా! లాగు, బయటికి లాగు, మెట్ల వైపు ఫైర్ డోర్ తియ్యి!"

నెలలు నిండొస్తున్న పిల్ల. అయినా ఆ జరీ చీర మీదికి అత్తగారిని దొర్లించి, రెండు కొసలూ పట్టుకుని, వెనక్కి నడుస్తూ హాల్లోంచి ఈడ్చుకుపోయింది. వంగినప్పుడల్లా నీలం, పసుపు ఒకదాంట్లో ఒకటి కలిసి ఏది ఎవరిదో యంత్రానికి తెలియకుండా పోయింది. తెరమీద ఆ చోట రంగు పేరు లేని గీతలు పడ్డాయి. వీధి తలుపు, ఆ వెనక ఫైర్ డోర్ తెరుచుకున్నాయి. బయటి గాలి రంగు లేకుండా, నిప్పులా, లోపలికి దూసుకొచ్చింది. పసుపు చెదిరి చిరుగులై కొట్టుకుపోయింది.

కంపెనీ వాళ్ళలో ఒకడు పక్కవాడితో అంటున్నాడు, "అద్భుతంగా పనిచేస్తోందే!"

సుభాషిణి అప్పటికే గేటు దాటింది.

నాంచారమ్మ బతికింది. ఆస్పత్రిలో ముక్కుకి గొట్టం పెట్టారు. డాక్టరు తిట్టాడు: చల్లగా ఉంటే ఉక్కపోత తెలియదు, ఉక్కపోత తెలియకపోతే మనిషి లేచి తలుపు తియ్యడు, మత్తుగా జారిపోతాడు, పైగా ఆయాసం మనిషి, ఏమనుకుంటున్నారు మీరంతా అని. హేమ గోడకి తల ఆనించి ఏడుస్తోంది. రాఘవులు ఎవరి కళ్ళలోకీ చూడలేదు. ఆ వారంలోనే ఎవరూ చెప్పకుండా మిస్త్రీని తీసుకొచ్చి అద్దానికి గుండ్రంగా కన్నం పెట్టించి, వేడి పీల్చే డబ్బా బిగించి, లోపలికి గాలి తోసే ఫ్యాను పెట్టించాడు. కప్పుకి వేలాడే యంత్రాన్ని సుభాషిణి ఊడదీసింది.

పరిశోధనశాలలో ఆమె సూటిగానే అడిగింది. "ఆ మాట తీసెయ్యండి సార్. రంగులూ తీసెయ్యండి. గదిలో గాలి పాతదా కొత్తదా చూపిస్తే చాలు. ఎవరిదో చూపించొద్దు."

పరాంకుశం గారు కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడిచారు. ఆయనా ఆ మధ్యాహ్నం తెర ముందు ఉన్నారు. "తీసేద్దాం. కంపెనీ వాళ్ళు ఒప్పుకోరు, వెళ్ళిపోతారు. వెళ్ళనీ. తెరమీంచి తీసెయ్యడం నా చేతిలో పని. కానీ అమ్మాయ్, సెల్లార్లోంచి ఎలా తీస్తావు?"

బస్సులో ముందు సీటు మనిషి వెనక సీటు మనిషిని, "కాస్త అటు తిరగండి, ఎంగిలి గాలి" అంటూనే ఉన్నాడు. టీవీలో అంటున్నారు. పిల్లలు ఆటల్లో అంటున్నారు. సెలవురోజుల్లో ఆమె ఒక్కొక్క ఇంటికీ వెళ్ళి యంత్రాలు ఊడదీసుకొచ్చింది. కొందరు ఇచ్చారు. కొందరు తలుపు సందులోంచే మాట్లాడి పంపేశారు.

ఇంట్లో అమ్మ మళ్ళీ హాల్లోకి వచ్చింది. మళ్ళీ వండుతోంది. తమ్ముడిని తిడుతోంది, వార్తల వాళ్ళకి ఎదురు చెబుతోంది. అంతా కొంగు అడ్డం పెట్టుకునే. సుభాషిణి కాగితం మీద బొమ్మలు గీసి మరీ చెప్పింది, ఇప్పుడు గాలి మారుతోందనీ, ఏదీ నిలవదనీ. నాంచారమ్మ అంతా విని, "అవునా? మంచిదే" అని కొంగు సర్దుకునేది.

ఆడపిల్ల పుట్టింది. నాంచారమ్మ నీళ్ళు పోసింది, సాంబ్రాణి వేసింది, రాత్రీ పగలూ ఊయల ఊపింది. ముఖం మాత్రం పిల్లకి చేరువగా పెట్టలేదు. మూడో నెల వచ్చాక, ఓ ఉదయం హేమ పట్టుపట్టింది.

"అత్తయ్యా, ఇంతవరకూ మనవరాల్ని మీరొక్క ముద్దు పెట్టుకోలేదు. ఇవాళ పెట్టుకోవలసిందే."

"వద్దులేవే."

"వద్దంటే నా మీద కోపం పోనట్టే లెక్క."

"నీ మీద కోపమేంటే, నన్ను బతికించినదానివి!" నాంచారమ్మ పిల్లని ఒళ్ళోకి తీసుకుంది. కాసేపు ఆలోచించింది. తర్వాత కొంగు తీసి పాప బుగ్గ మీద పరిచి, ఆ గుడ్డ మీంచి గట్టిగా ముద్దు పెట్టింది. "కాకెంగిలిలే! బళ్ళో పిల్లలు మామిడికాయ చొక్కాలో పెట్టి కొరుక్కోరూ? గుడ్డ అడ్డముంటే ఎంగిలి కాదు."

రాఘవులు పడీపడీ నవ్వాడు. హేమ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. పాపకి ఆ ఆట నచ్చింది. రెండు గుప్పిళ్ళతో కొంగు పట్టుకుని లాగేసింది. నాంచారమ్మ ముఖం పాప ముఖానికి జానెడు దూరంలో, ఏ అడ్డమూ లేకుండా ఉండిపోయింది.

ఆవిడ కళ్ళు నవ్వుతున్నాయి. పెదాలు బిగిసి ఉన్నాయి. ఊపిరి బిగబట్టిందని సుభాషిణికి అర్థమైంది.

"అమ్మా, వదులు" అంది మెల్లగా.

నాంచారమ్మ తల అడ్డంగా ఊపింది. పాప పిడికిళ్ళు విడిపించి, హేమ చేతికిచ్చి, గబగబా అద్దం దగ్గరికి నడిచింది. కన్నానికి ఎదురుగా నిలబడి, ఊపిరంతా బయటికి పోతుందన్న ధీమాతో, అప్పుడు వదిలింది. ఆయాసంతో భుజాలు ఎగిసిపడ్డాయి.

ఆ కన్నంలోంచి గాలి బయటికి పోదు. లోపలికి వస్తుంది. ఆవిడ వదిలిన ఊపిరిని ఫ్యాను అక్కడికక్కడే అందుకుని, తిన్నగా గది దాటించి, హేమ భుజం మీద ఉన్న పాప ముఖం మీదికి తెచ్చింది. నుదుటి మీది మెత్తటి జుట్టు కదిలింది. పాప కళ్ళు చికిలించి, చిన్న నోరు తెరిచి, ఆ గాలిని ఇష్టంగా పీల్చుకుంది.

సుభాషిణి అంతా చూసింది. గాలి పోకడ గురించి తల్లికి చెప్పవలసింది ఒకటి ఇంకా మిగిలే ఉంది.

చెప్పలేదు.